మెత్తటి బంకమట్టి మీద పైల్సా, స్టోన్ కాలమ్సా? ముందు మట్టి నింపుడు సంగతి తేల్చండి

అడిగినవారి సైటు వివరాలు ముందు ఒక్కచోట పెడతాను, మిగతా చదివేవాళ్లకి వీలుగా ఉంటుంది. పైన ఒక మీటరు గట్టి పొర. దాని కింద 8 మీటర్ల లోతు దాకా మెత్తటి బూడిదరంగు బంకమట్టి. ఆ కింద ఇసుక. నీళ్లు మీటరు లోతులోనే తగులుతున్నాయి. రోడ్డు ఎత్తుకి రావాలంటే సైటు మొత్తం మీటరున్నర మట్టి నింపాలి. నాలుగంతస్తుల ఆఫీసు బ్లాకు ఒకటి, దాన్ని ఆనుకుని 40 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు గోడౌను. గోడౌను ఫ్లోరు మీద చదరపు మీటరుకు 3 టన్నుల సరుకు. ఒక కంపెనీ మొత్తానికీ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు, వేద్దామంటోంది. ఇంకో కంపెనీ మొత్తానికీ స్టోన్ కాలమ్స్, అంటే నేలలో కంకరతో కట్టే స్తంభాలు, చాలంటోంది, పైగా చౌక. రెండింటిలో ఏది బలమైనది అని ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆఫీసు బ్లాకుకి పైల్స్. గోడౌనుకి, టైము ఉంటే, బంకలోని నీళ్లు బయటికి పోయే డ్రెయిన్లు దించి మట్టి బరువుతో ముందే కుంగదీయడం. టైము లేకపోతే స్టోన్ కాలమ్స్. కానీ ఈ రెండింటికంటే ముందు తేలాల్సింది మట్టి నింపుడు. మీరు రాసిన దాంట్లో అది ఒకే ఒక్క వాక్యంలో ఉంది. ఇద్దరు కాంట్రాక్టర్ల కొటేషన్లలో అసలు లేనే లేదు. ఈ సైటులో తలనొప్పంతా అక్కడే ఉంది.

లెక్క చూడండి. నింపిన మట్టి ఘనపు మీటరుకు సుమారు 1.8 టన్నులు తూగుతుంది. మీటరున్నర నింపితే చదరపు మీటరుకు 2.7 టన్నులు. నాలుగంతస్తుల బ్లాకు బరువుని దాని విస్తీర్ణం మీద పరిస్తే అంతా కలిపి 5 టన్నుల చుట్టుపక్కల వస్తుంది. అంటే మట్టి నింపగానే మీరు రెండు అంతస్తులు కట్టేసినట్టే, అదీ సైటు మొత్తం మీద. ఇప్పుడు గోడౌను సంగతి: మట్టి 2.7, సరుకు 3, మొత్తం 5.7 టన్నులు. "అది ఉత్త షెడ్డే కదా" అని అందరూ తేలిగ్గా తీసుకునే గోడౌను కింద నేల మీద, ఆఫీసు బ్లాకు సొంత బరువుకంటే ఎక్కువ బరువు పడుతోంది. పైగా ఆ బరువు 40 మీటర్ల వెడల్పున పరుచుకుని ఉంది కాబట్టి లోతుకి వెళ్లేకొద్దీ తగ్గదు. ఒక్క స్తంభం కింద వేసే ఫుటింగు దిమ్మ కింది ఒత్తిడి నాలుగు అడుగులు దిగేసరికి చెదిరిపోతుంది. ఇంత వెడల్పు లోడు బంకమట్టి అడుగుదాకా దాదాపు అంతే బరువుతో దిగుతుంది.

ఇలాంటి మెత్తటి బంక చదరపు మీటరుకు ఒక టన్ను అదనంగా పడితే తన మందంలో అర శాతం దాకా నొక్కుకుపోవడం మామూలే. 7 మీటర్ల మందంలో అర శాతం అంటే 3.5 సెంటీమీటర్లు. ఈ లెక్కన ఒక్క మట్టి నింపుడుకే 9 సెంటీమీటర్ల పైన, గోడౌను నిండాక 20 సెంటీమీటర్లు కుంగుతుంది. మీ మట్టికి కచ్చితమైన అంకె ల్యాబు నుంచే రావాలి, అది అటూ ఇటూ అవ్వచ్చు. కానీ సెంటీమీటరు రెండు సెంటీమీటర్ల వ్యవహారం కాదని మాత్రం ఇప్పుడే తెలుస్తోంది.

అందుకే "ఏది బలమైనది" అన్న ప్రశ్నతో ముందుకెళ్లలేం. ఈ నేల విరిగిపోతుందా అన్నది ఒక ప్రశ్న. ఎంత కుంగుతుంది, ఒక చోటికీ ఇంకో చోటికీ ఎంత తేడాతో కుంగుతుంది, ఎన్నాళ్లలో కుంగుతుంది అన్నవి వేరే ప్రశ్నలు. పైల్స్ కంపెనీ మొదటిదానికి జవాబిచ్చింది. స్టోన్ కాలమ్స్ కంపెనీ రెండోదాంట్లో సగానికి జవాబిచ్చింది. ఎవరి మిషను వాళ్ల దగ్గరుంది, ఎవరి పరిష్కారం వాళ్లకి కనపడుతుంది. అందులో మోసమేమీ లేదు, కానీ ప్రశ్న సరిగ్గా రాసివ్వాల్సింది మీ డిజైనరే.

ఇక సాయిల్ రిపోర్టు. మీరు చెప్పినదాన్ని బట్టి 15 మీటర్ల లోతు బోర్లు మూడు, వాటిలో ఎస్పీటీ, గోడౌను జాగాలో ఒక ప్లేట్ లోడ్ టెస్టు, అంతే. దీని మీద డిజైన్ చేయడం నేల విడిచి సాము చేయడమే.

ఎస్పీటీ అంటే 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, చివరి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెట్టడం. ఇసుకలో అది పనికొచ్చే కొలత. మెత్తటి బంకలో రెండు దెబ్బలకో మూడు దెబ్బలకో దిగిపోతుంది. ఆ రెండుకీ మూడుకీ మధ్య తేడా మట్టిది కావచ్చు, తాడు లాగినవాడి చేతివాటం కావచ్చు. దాన్ని పట్టుకుని ఏదో పట్టికలోంచి "సేఫ్ బేరింగ్ కెపాసిటీ", అంటే నేల భద్రంగా మోసే బరువు, తీసి రాసేస్తారు. మీకు కావాల్సింది బంకలోంచి చెదరని నమూనాలు, అంటే పల్చటి గోడ ట్యూబుతో నెమ్మదిగా నొక్కి తీసినవి. వాటి మీద కన్సాలిడేషన్ టెస్టు, అంటే బరువు పెడితే ఎంత, ఎంత వేగంగా కుంగుతుందో చూసేది. దాంతోపాటు బోరులోనే వేన్ షియర్ టెస్టు (రెక్కల కడ్డీని మట్టిలో తిప్పి, తెగి జారకుండా ఎంత తట్టుకుంటుందో, అంటే షియర్ బలం, కొలిచేది), వీలైతే కోన్ పరీక్ష (మొనదేలిన కడ్డీని నేలలోకి నొక్కుతూ కొలిచేది). కోను ఎడతెగకుండా లోతంతా కొలుస్తూ పోతుంది కాబట్టి బంక మధ్యలో సన్నటి ఇసుక పొరలేమైనా ఉంటే పట్టిస్తుంది. ఆ పొరలుంటే నీళ్లు పోయే దారి దగ్గరవుతుంది, కుంగుడు తొందరగా పూర్తవుతుంది. ఆ ఒక్క సంగతి మీ షెడ్యూలులో ఏళ్ల తేడా తెస్తుంది.

ప్లేట్ లోడ్ టెస్టు రిజల్టు బాగా వచ్చిందని రాశారు. రాదా మరి! 60 సెంటీమీటర్ల ప్లేటు పెట్టి నొక్కితే ఆ ఒత్తిడి మీటరు, మీటరుంపావు లోతు దాకానే పనిచేస్తుంది. మీ సైటులో ఆ లోతులో ఉన్నది ఎండి గట్టిపడిన పై పొర. టెస్టు ఆ పొరని పరీక్షించింది, కిందున్న 7 మీటర్ల బంక సంగతి దానికి తెలియదు. కెనడాలో విన్నిపెగ్ దగ్గర ట్రాన్స్‌కోనాలో ధాన్యం నిలవచేసే పెద్ద కాంక్రీటు ఎలివేటరుకి కట్టేముందు సరిగ్గా ఇలాగే ప్లేటు పరీక్షలు చేశారు, ఫలితాలు భేషుగ్గా వచ్చాయి. 1913 అక్టోబరులో ధాన్యం నింపుతుండగా అది ఒక్క రోజులో సుమారు 27 డిగ్రీలు ఒరిగిపోయింది. పైన గట్టి బంక, లోతున మెత్తటి బంక. కాంక్రీటు మటుకు పెద్దగా దెబ్బతినలేదు. తర్వాత కింద రాతిదాకా పియర్లు దించి నిలబెట్టుకున్నారు. మీ సైటు అలా ఒరుగుతుందని నేననడం లేదు. ప్లేటు రిజల్టుని మాత్రం ఫైల్లోంచి తీసేయండి.

బోర్లు 15 మీటర్ల దగ్గర ఆపేశారు, ఇది ఇంకో లోటు. 8 మీటర్ల దగ్గర ఇసుక తగిలింది కదా అని సంతోషపడ్డారు. ఆ ఇసుక ఎంత మందం? దాని కింద ఏముంది? పైల్స్ 13 మీటర్లు దింపుతామంటున్నారు. పైల్స్ గుంపుగా ఉన్నప్పుడు వాటి కొన దగ్గర నుంచి బిల్డింగు వెడల్పుతో పోల్చదగిన లోతు దాకా ఒత్తిడి దిగుతుంది. 15 మీటర్ల దగ్గర ఇసుక అయిపోయి మళ్లీ బంక మొదలైతే ఆ సంగతి మీకెవరికీ తెలియదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2009లో పూర్తయిన 58 అంతస్తుల మిలీనియం టవర్ పైల్స్ దట్టమైన ఇసుకలో ఆగాయి, రాతిదాకా వెళ్లలేదు. ఆ ఇసుక కింద మందంగా బంక ఉంది. అది 40 సెంటీమీటర్ల దాకా కుంగి ఒరుగుతోందని 2016లో బయటపడింది. తర్వాత రెండు పక్కల కొత్త పైల్స్‌ని రాతిలోకి దింపాల్సి వచ్చింది. మీ నాలుగంతస్తులకి అంత కథ అక్కర్లేదు గానీ, ఒక్క బోరన్నా 30 మీటర్లు దింపించండి. దానికయ్యే ఖర్చు మొత్తం పైల్స్ ఖర్చు ముందు చిన్నదే.

నీటి మట్టం కూడా బోరు వేసిన రోజు కొలిచి రాసేస్తే చెల్లదు. మర్నాడు మళ్లీ కొలవాలి, వానాకాలంలో ఇంకోసారి చూడాలి.

సరే, స్టోన్ కాలమ్స్. వైబ్రేటరుని నేలలోకి దించి, ఆ రంధ్రంలో కంకర పోస్తూ, కుదిపి కుదిపి బయటికి నెట్టి గట్టిపరచడం. చుట్టూ ఉన్న బంక ఆ కంకరని పట్టి ఉంచుతుంది. ఈ పద్ధతి బలమూ అదే, బలహీనతా అదే. బంక మరీ మెత్తనైతే పట్టి ఉంచలేదు, కాలమ్ పైభాగం పొట్ట ఉబ్బినట్టు పక్కలకి ఉబ్బుతుంది. వేన్ పరీక్షలో బంక షియర్ బలం చదరపు మీటరుకు ఒకటిన్నర టన్నుల లోపు వస్తే నేను ఈ పద్ధతికి ఒప్పుకోను. మధ్యలో కుళ్లిన ఆకులూ అలములతో నిండిన నల్లటి పొరలుంటే అసలే వద్దు.

మీ సైటు ఆ హద్దు దాటిందే అనుకుందాం. 90 సెంటీమీటర్ల కాలమ్స్‌ని రెండు మీటర్ల దూరంలో త్రికోణాకారంగా వేస్తే నేల విస్తీర్ణంలో 18 శాతం కంకర అవుతుంది. ఆ మోతాదులో కుంగుడు సుమారు సగమవుతుంది. సగమవుతుంది, పోదు. 20 సెంటీమీటర్లు 10 అవుతుంది. గోడౌను ఫ్లోరు ఒకేలా 10 సెంటీమీటర్లు దిగితే సర్దుకోవచ్చు. ఆఫీసు బ్లాకుకి అది కుదరదు. కొటేషనులో "ఇంప్రూవ్‌మెంట్" అని రాస్తారు. దాన్ని సెంటీమీటర్లలో రాయమనండి: పని అయ్యాక మొత్తం ఎంత కుంగుతుంది, అందులో సరుకు పెట్టాక ఎంత మిగులుతుంది. ఈ రెండు అంకెలు రాయని కొటేషను చౌకో ప్రియమో చెప్పడానికి లేదు.

స్టోన్ కాలమ్స్‌కి ఇంకో మేలుంది, దాన్ని కంపెనీలు తక్కువ చెప్పుకుంటాయి: అవి డ్రెయిన్లుగానూ పనిచేస్తాయి. కుంగేది తొందరగా కుంగిపోతుంది. కాబట్టి కాలమ్స్ వేసి, మట్టి నింపి, కొన్ని నెలలు ఆగి ఫ్లోరు పోస్తే, మట్టి బరువుకి రావాల్సిన కుంగుడు చాలావరకు ఫ్లోరు పోయకముందే అయిపోతుంది. వేసేటప్పుడు సైటులో చూడాల్సింది రెండు రికార్డులు. ఒక్కో మీటరు లోతుకి ఎంత కంకర పట్టింది, ఆ లోతులో వైబ్రేటరు మోటారు ఎన్ని ఆంపియర్లు లాగింది. కంకర తక్కువ పట్టి ఆంపియర్లు కూడా తక్కువుంటే ఆ లోతులో కాలమ్ సన్నబడిందనో తెగిందనో అనుమానించాలి.

ఇప్పుడు పైల్స్. ఆఫీసు బ్లాకుకి పైల్స్ సరైనవేనని అన్నాను. కానీ కొటేషనులో ఉన్నట్టు కాదు. పైల్స్ వేశాక మట్టి నింపితే బంక కుంగుతుంది, పైలు కుంగదు. కుంగుతున్న బంక పైలు ఒంటిని పట్టుకుని కిందికి లాగుతుంది. మామూలుగా పైలుని మోసే పక్క రాపిడి ఇక్కడ పైలు మీద బరువవుతుంది, గోరుచుట్టు మీద రోకటిపోటు. 60 సెంటీమీటర్ల పైలు చుట్టుకొలత 1.88 మీటర్లు, 7 మీటర్ల బంక, పట్టు చదరపు మీటరుకు 2 టన్నులనుకుంటే లాగే బరువు 26 టన్నులు. ఆ సైజు పైలుకి వాళ్లు రాసిన పని లోడులో, అంటే అది మోయాల్సిన బరువులో, ఇది కొట్టిపారేసే భాగం కాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది, దీన్ని అనుభవమున్న వాళ్లు కూడా వదిలేస్తుంటారు. పైలు లోడ్ టెస్టు చేసినప్పుడు రెండు మూడు రోజుల్లో పైనుంచి నొక్కుతాం. ఆ కాసేపట్లో బంక పైలుని పైకే మోస్తుంది, ఆ 26 టన్నులు పైలు బలంలో కలిసి కనిపిస్తాయి. తర్వాత ఏళ్ల తరబడి అదే 26 టన్నులు కిందికి లాగుతాయి. అంటే టెస్టు చూపించినదానికీ నిజానికీ తేడా 52 టన్నులు. టెస్టు పైలుకి బంక లోతంతా స్లీవు తొడిగి పరీక్షించాలి, లేదా ఆ మేరకు టెస్టు లోడు పెంచాలి. పని లోడుకి ఒకటిన్నర రెట్లు వేశాం, పాసైంది అని సర్టిఫికెట్టు ఇస్తే ఈ సైటులో దాని విలువ తక్కువ.

దీనికి మందు పైలు లావు పెంచడం కాదు. ముందు మట్టి నింపి, బంకని కుంగనిచ్చి, ఆ తర్వాత పైల్స్ వేయడం. అప్పుడు లాగే బరువు చాలావరకు పోతుంది. వరస తిరగేసి, పైల్స్ వేశాక ఒక పక్కనుంచి లారీలతో మట్టి గుమ్మరించుకుంటూ వస్తే మెత్తటి బంక పక్కకి జరుగుతూ పైల్స్‌ని వంచుతుంది. పైల్ తలలు డ్రాయింగులో ఉన్నచోట లేవని సర్వేయరు వచ్చి చెప్పేదాకా ఎవరికీ తెలియదు.

బోర్డ్ పైల్స్, అంటే గుంట తవ్వి అక్కడే కాంక్రీటు పోసేవి, నీళ్లలో పోసేటప్పుడు నాణ్యత అంతా చివరి రెండు గంటల్లో తేలుతుంది, కాబట్టి అక్కడ కాసేపు ఆగుతాను. తవ్వడం పూర్తయ్యాక అడుగున ఇసుక, బురద పేరుకుంటాయి. ఇనుప కడ్డీల కేజ్ దించాక ఫ్లషింగ్ చేసి, అంటే అడుగు కడిగి, బరువు కట్టిన టేపు దించి అడుగు తాకించి చూడాలి. గట్టి నేలకి తగిలితే బరువు టక్కుమని ఆగినట్టు చేతికి తెలుస్తుంది. బురద మీద పడితే మెత్తగా కూరుకుని ఆగుతుంది. నాలుగుసార్లు పట్టుకుని చూసినవాళ్లకి ఈ తేడా మళ్లీ చెప్పక్కర్లేదు. తవ్విన లోతు, ఇప్పుడు టేపు చూపే లోతు రెండూ రాయించండి. తర్వాత ట్రెమీ పైపు, అంటే అడుగుదాకా దించిన పొడవాటి గొట్టం, ద్వారా కాంక్రీటు. పైపు కొస ఎప్పుడూ కాంక్రీటులో కనీసం రెండు మీటర్లు మునిగి ఉండాలి. కాంక్రీటు దిగడం లేదని విసుక్కుని క్రేను ఆపరేటరు పైపుని గబుక్కున పైకి లాగితే బురదనీళ్లు లోపలికి దూరతాయి, పైలు మధ్యలో కాంక్రీటు బదులు బురద పొర మిగులుతుంది. 60 సెంటీమీటర్ల మందం, 13 మీటర్ల పొడవుకి లెక్క ప్రకారం 3.7 ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టాలి. కాస్త ఎక్కువ పట్టడం సహజం. తక్కువ పడితే మటుకు ఆ పైలు ఎక్కడో గోడ కూలి సన్నబడింది. ఆ రోజే పట్టుకోవాలి. ప్రతి లారీ తర్వాత కాంక్రీటు ఎంత ఎత్తుకి వచ్చిందో కొలిచి గ్రాఫు గీస్తే ఏ లోతులో తేడా వచ్చిందో కూడా తెలుస్తుంది. పైన వచ్చే మురికి కాంక్రీటుని కట్-ఆఫ్ లెవెలు (పైలు తల ఆగాల్సిన ఎత్తు) దాటించి పోసి, తర్వాత కొట్టేయాలి.

చిన్న సుత్తితో తల మీద కొట్టి చేసే ఇంటిగ్రిటీ టెస్టు అన్ని పైల్స్‌కీ చేయించండి, చౌకే. అది పైలు ఆకారం గురించి చెబుతుంది, ఎంత మోస్తుందో చెప్పదు. రెంటినీ కలిపేసి "టెస్టయింది" అనే మాటని ఒప్పుకోకండి.

ఇక గోడౌనుకి నేను ముందు చెప్పిన దారి. బంకలో నీళ్లు ఉన్నంతసేపూ అది కొత్త బరువుని మోయదు, నీళ్లే మోస్తాయి. తడి బట్ట పిండినట్టు నీళ్లు మెల్లగా బయటికి పోతేనే మట్టి రేణువుల మీదికి బరువు దిగి బలం వస్తుంది, ఆ పోయిన నీళ్ల మేరకు నేల కుంగుతుంది. ఈ లెక్కని మట్టి ఇంజనీరింగుకి పునాది వేసిన టెర్జాగీ 1925లో పుస్తకంగా ఇచ్చాడు, నేటికీ దాని మీదే నడుస్తున్నాం. అందులో కీలకం ఒకటే: పట్టే కాలం, నీళ్లు నడవాల్సిన దూరానికి వర్గంగా పెరుగుతుంది. మీ బంక 7 మీటర్లు. పైకీ కిందికీ నీళ్లు పోగలిగితే దూరం మూడున్నర మీటర్లు. మామూలు బంక విలువలతో 90 శాతం కుంగడానికి ఐదేళ్ల పైమాటే. 10 సెంటీమీటర్ల వెడల్పు ప్లాస్టిక్ పట్టీ డ్రెయిన్లని 1.2 మీటర్లకొకటి చొప్పున ఇసుకదాకా దింపితే నీళ్లు పక్కకి అర మీటరు పైచిలుకు నడిస్తే చాలు. అదే పని ఆరు నెలల చుట్టుపక్కల అవుతుంది.

డ్రెయిన్లు దించి, పైన ఇసుక పరుపు వేసి, మీటరున్నర మట్టి, దాని మీద సరుకు బరువుకి బదులుగా ఇంకో 1.7 మీటర్లు, ఆపైన ఒక మీటరు అదనం. మొత్తం 4.2 మీటర్ల దిబ్బ, 7.5 టన్నుల బరువు. ఆ అదనపు మీటరు ఎందుకంటే, తర్వాత తీసేస్తాం కాబట్టి నేల తన జీవితంలో చూడబోయే బరువు కంటే ఎక్కువ ఇప్పుడే చూసేసి ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిగా సాగే కుంగుడు బాగా తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: బంక షియర్ బలం 2 టన్నులైతే అది విరిగే బరువు దానికి ఐదు రెట్లు, 10 టన్నులు. 7.5 ఒకేసారి ఎత్తేస్తే మరీ దగ్గరికి వెళ్లినట్టు. కాబట్టి దశలుగా, ప్రతి దశలో బలం పెరిగాక, పైజోమీటర్లలో నీటి ఒత్తిడి దిగిందని చూసుకుని తర్వాతి దశ. దిబ్బ అంచున నేల పక్కకి ఉబ్బుతోందేమో వారం వారం చూడాలి. కుంగిపోయే 20 సెంటీమీటర్లకి సరిపడా మట్టి కూడా మొదటే ఆర్డరులో కలపండి, లేకపోతే రోడ్డు ఎత్తుకి రారు.

దిబ్బ ఎప్పుడు తీయాలన్నది క్యాలెండరు చూసి చెప్పకూడదు. నేల ఎంత కుంగిందో చూపే సెటిల్‌మెంట్ ప్లేట్ల రీడింగులు సమాన వ్యవధుల్లో తీసి, జపాన్ ఇంజనీరు అసావోకా 1978లో చూపిన పద్ధతిలో గీస్తే చివరికి ఎంత కుంగుతుందో, ఇప్పటికి ఎంత శాతం అయిందో వస్తుంది. 90 శాతం దాటిందని గ్రాఫు చెప్పాలి. ప్లాంటు మేనేజరు తొందరని బట్టి దిబ్బ లేపేసిన చోట్ల తర్వాత ఫ్లోరు పగుళ్లకి రసాయనాలు పూస్తూ కూర్చోవడం చూశాను.

డ్రెయిన్లు తాము చేరిన లోతు వరకే పనిచేస్తాయి. జపాన్‌లో సముద్రంలో మట్టి నింపి కట్టి 1994లో తెరిచిన కన్సాయ్ విమానాశ్రయంలో పై బంకలో ఇసుక డ్రెయిన్లు వేశారు, ఆ పొర అనుకున్నట్టే తొందరగా కుంగి ఊరుకుంది. వాటికి అందనంత లోతున్న పాత బంక మాత్రం ఏళ్ల తరబడి కుంగుతూనే వచ్చింది. 30 మీటర్ల బోరు అడగడానికి ఇది ఇంకో కారణం.

మిగతా పద్ధతులు ఎవరైనా అంటగడితే క్లుప్తంగా: సున్నం కలపడం పై అర మీటరుకి, లోపలి రోడ్లకి బాగుంటుంది, మట్టిలో సల్ఫేట్లు లేవని చూసుకున్నాక, లేకపోతే అదే ఉబ్బి రోడ్డుని లేపుతుంది. బరువుని ఎత్తునుంచి వదిలి గట్టిపరిచే పద్ధతి ఇసుకకీ, చెత్త నింపిన నేలకీ. నీళ్లతో నిండిన బంకలో దెబ్బ కొడితే పక్కకి ఉబకడమే. జెట్ గ్రౌటింగ్ (సిమెంటు పాలని నేలలోకి బలంగా చిమ్మడం) ఇరుకు చోట్ల, పాత పునాదుల కింద అద్భుతమైనది, ఖాళీ సైటులో 2,400 చదరపు మీటర్లకి దాన్ని వాడటం డబ్బు తగలేయడం. సిమెంటు కలిపే డీప్ మిక్సింగ్ మాత్రం మీకు నిజమైన ప్రత్యామ్నాయం. టైము అస్సలు లేకపోతే దాన్ని అడగండి. కానీ ముందు మీ బంకతోనే ల్యాబులో కలిపి గట్టిపడుతుందో లేదో చూడాలి, సేంద్రియ పదార్థం ఎక్కువుంటే సిమెంటు పట్టదు.

భూకంపాల ప్రాంతమైతే కింది ఇసుకని కూడా ఒకసారి చూడాలి. 1964లో జపాన్‌లోని నీగాటా భూకంపంలో వదులుగా ఉన్న తడి ఇసుక ద్రవంలా మారి, అపార్ట్‌మెంట్లు గోడలు పగలకుండానే పక్కకి వాలిపోయాయి. మీ ఇసుకలో ఎస్పీటీ విలువలు 25 పైనే ఉన్నాయి కాబట్టి నాకు పెద్ద బెంగ లేదు, బంకకి ఆనుకున్న మొదటి మీటరులో తక్కువేమైనా ఉందేమో చూస్తే చాలు.

ఆఫీసు బ్లాకు పైల్స్ మీద నిలబడుతుంది, గోడౌను ఫ్లోరు నేల మీద. రెండూ ఆనుకున్న చోటే గొడవలొస్తాయి. ఫ్రేములో గోడలు పగలకుండా ఉండాలంటే పక్క పక్క స్తంభాల మధ్య కుంగుడు తేడా, వాటి దూరంలో 500వ వంతు లోపుండాలని వాడుక. 9 మీటర్ల దూరానికి అది 18 మిల్లీమీటర్లు. ముందే కుంగదీసినా గోడౌను వైపు ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు మిగలొచ్చు. కాబట్టి రెండింటికీ ఉమ్మడి గోడ, ఉమ్మడి స్తంభం వద్దు. పూర్తి జాయింటు ఇచ్చి, దాటే చోట కింద ఆనించిన స్లాబు ముక్క వేయండి, తేడా వస్తే అది ర్యాంపులా వాలుతుంది. డ్రైనేజీ పైపు బ్లాకులోంచి బయటికొచ్చే చోట వంగే జాయింట్లు రెండు పెట్టించండి. గోడౌను షెడ్డు స్తంభాలు దేని మీద నిలబెడుతున్నారో కూడా ఇప్పుడే తేల్చాలి: పైల్స్ మీద పెడితే ఫ్లోరుకీ స్తంభానికీ మధ్య ఖాళీ వదలాలి, లేదంటే కుంగే ఫ్లోరు స్తంభాలకి వేలాడి అంచుల వెంట విరుగుతుంది.

టెండరు కాగితాల్లో మీరు రాయాల్సినవాటిలో ఒకటి తరచూ మర్చిపోతారు. పైలింగ్ రిగ్గులు, డ్రెయిన్లు దించే రిగ్గులు పదుల టన్నులు తూగుతాయి, పొడవాటి మాస్టుతో తలబరువుగా ఉంటాయి. మీ సైటులో పై గట్టి పొర ఒక్క మీటరే. అది తెగితే రిగ్గు పక్కకి పడుతుంది, మనుషులు పోతారు. కంకర వర్కింగ్ ప్లాట్‌ఫారం ఎంత మందం, ఎవరు డిజైన్ చేస్తారు, వాన పడ్డాక ఎవరు చూసి మళ్లీ పనికి అనుమతిస్తారు అన్నవి పేరుపెట్టి రాయండి. టెస్టు గుంటలు, ప్లేట్ లోడ్ టెస్టు కోసం తవ్విన గుంట కూడా, ఎక్కడున్నాయో డ్రాయింగులో గుర్తించి గట్టిగా పూడ్పించాకే రిగ్గుని లోపలికి రానివ్వండి.